ఫేర్‌వెల్ లీడరమ్మకి అత్త రాసే ఉత్తరం

చిట్టితల్లీ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. పదో తరగతి ఫేర్‌వెల్‌లో మాట్లాడేది నువ్వేనట, ఏర్పాట్లన్నీ నీ చేతుల మీదేనట. స్కూల్ లీడరంటే మాటలా! మనింట్లో నా తర్వాత మళ్ళీ నువ్వే. మీ మామయ్యకి రెండుసార్లు చెప్పి మురిసిపోయాను. కానీ పడుకున్నాక నిద్ర పట్టలేదు. మాటల్లో మాటగా మీ నాన్న ఇంకోటి చెప్పాడు. అమ్మాయిలందరికీ ఒకే రంగు చీరలు, కేకు, డీజే, తలకి 800 రూపాయలు. ఇచ్చినవాళ్ళ పేరు పక్కన టిక్కు పెట్టి ఆ లిస్టు రోజూ వాట్సాప్ గ్రూపులో పెడుతున్నావట.

ముందు చిన్న సంగతులు. కాగితం చూసి చదవకు. ఐదు నిమిషాలు దాటనివ్వకు. సార్లతో పాటు మధ్యాహ్నం అన్నం వండిపెట్టే ఆయమ్మలకీ దండం పెట్టు. నువ్వు ఏడాదిగా అసెంబ్లీలో చెప్పిస్తున్న ప్రతిజ్ఞ రాసింది మన పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు. సొంతూరు నల్లగొండ దగ్గర అన్నెపర్తి. 1962లో విశాఖపట్నంలో ట్రెజరీ అధికారిగా ఉంటూ రాశారు. ఆ మాట చెప్పు, చాలామందికి తెలీదు. హాల్‌టికెట్ రాగానే పేరు, పుట్టిన తేదీ అక్షరం అక్షరం చూసుకో. రేపు ఎక్కడికెళ్ళినా పదో తరగతి మెమోనే అడుగుతారు.

ఇక ఆ లిస్టు సంగతి.

1987లో నాది పదో తరగతి. మా ఒంగోలు వైపు ఫిబ్రవరి అంటే ఊరంతా పొగాకే. నా పక్కన కూర్చునే పిల్ల తెల్లారకముందే వాళ్ళమ్మతో, పొగాకుని వేడి పెట్టి ఆరబెట్టే బ్యారన్ దగ్గరికెళ్ళి, కర్రలకి ఆకు కట్టి, అక్కణ్ణుంచి బడికి పరిగెత్తుకొచ్చేది. ఆకు బంక వేళ్ళకి నల్లగా పట్టేసేది, సబ్బుకి కూడా పోదు. దాని నోట్సు అంచులన్నీ ఆ మరకలే. గ్రూప్ ఫొటోకీ పార్టీకీ కలిపి మనిషికి 15 రూపాయలు అనుకున్నాం. వసూలు నాది. గడువు దాటినా ముగ్గురివి రాలేదు. పొద్దున అసెంబ్లీలో భారతీయులందరూ నా సహోదరులని అందరిచేతా చెప్పించి, క్లాసుకొచ్చి ఆ ముగ్గురి పేర్లూ బోర్డు మీద రాశాను. పైన 'బాకీ' అని రాసి కింద గీత కూడా గీశాను. తప్పు చేస్తున్నానని అప్పుడు తోచనే లేదమ్మా. లెక్క పక్కాగా ఉండాలి, సార్ మెచ్చుకోవాలి, అంతే నా ధ్యాస.

ఇద్దరు మర్నాడు తెచ్చిచ్చారు. ఆ పిల్ల మాత్రం మధ్యాహ్నం బెల్లు కొట్టాక లేచి బోర్డు దగ్గరికి వెళ్ళింది. డస్టర్ అక్కడే ఉంది. ముట్టుకోలేదు. ఆకుపచ్చ వోణీ చెంగుతో తన పేరు తుడిచేసుకుంది. చెంగంతా సుద్ద. పుస్తకాలు తీసుకుని వెళ్ళిపోయింది. ఫేర్‌వెల్‌కి రాలేదు, ఫొటోలో లేదు. ఆ రోజు మైకు ముందు "మా క్లాసంతా ఒకే కుటుంబం" అన్నాను. చప్పట్లు కొట్టారు.

మార్చిలో లెక్కల పరీక్ష రోజు, ఇంకా పేపర్ ఇవ్వలేదు, నా పెన్నులో సిరా లేదని అప్పుడు చూసుకున్నాను. పక్క వరసలో అదే ఉంది. నా చేతిలోంచి పెన్ను తీసుకుని, విప్పి, తన పెన్నులోంచి నాలుగు చుక్కలు వంచి ఇచ్చింది. వేళ్ళు ఇంకా నల్లగానే ఉన్నాయి. నాకు నోరు పెగల్లేదు. ఆ వేసవిలోనే వాళ్ళు ఊరు వదిలి వెళ్ళిపోయారు. నేను వెతకలేదు, వెతికే ధైర్యం లేక.

దాని పేరు ఇక్కడ రాయను. ఒకసారి రాసింది చాలు.

ఆ లిస్టు ఈ రాత్రికే తీసెయ్. ఇంత తెలివిగలదానివి, టిక్కు లేనివాళ్ళు ఆ గ్రూపు తెరిచినప్పుడల్లా ఏమవుతారో ఆలోచించొద్దూ? ఇచ్చేవాళ్ళు క్లాస్ టీచర్ గదిలో మూత ఉన్న డబ్బాలో వేస్తారు. ఎవరెంత వేశారో నువ్వు చూడకు. డీజే మానెయ్. చీరలు కూడా వద్దు, యూనిఫాంలోనే రండి. కోపమొస్తుందని తెలుసు, ముక్కు ఎర్రబడేది కూడా ఇక్కణ్ణుంచి కనిపిస్తోంది. చీర నేను కొంటాను, నీకు నచ్చిన రంగే. ఇంటర్లో చేరాక కట్టుకుందువుగాని. డబ్బు తక్కువ పడితే ఎంతో నాకు చెప్పు, ఎవరిదో మాత్రం చెప్పొద్దు.

మీ క్లాసు 41 మందట. గ్రూప్ ఫొటో దిగగానే పంపించు. లెక్కపెట్టుకుంటాను.

మీ అత్త