గైడ్‌కి కనిపించకుండా తిరిగిన ఆర్నెల్లు

ఎమ్మెస్సీ రెండో ఏడాది, రెండు సప్లీలు, ప్రాజెక్టులో ఒక్క పేజీ రాయలేదు, గైడ్‌కి మొహం చూపించలేకపోతున్నాను, నేనింత బద్ధకస్తుణ్నా అని అడిగావు కదా తమ్ముడూ. నేనూ తిరుపతిలోనే చదివాను, నాదీ అదే కథ.

రిపోర్టు మొదలుపెట్టే ముందు ఒకసారి నడిచి కొండకెళ్లొస్తే మనసు కుదురుతుందనుకున్నాను. అలిపిరి నుంచి 3,550 మెట్లూ ఎక్కాను. దిగొచ్చి, కాళ్ల నొప్పులని రెండు రోజులు పడుకున్నాను. ఒక్క సెమిస్టర్‌లో ఇలా మూడుసార్లు! (స్వామికే విసుగొచ్చి ఉంటుంది.) మూడోసారి మా పలమనేరు రూమ్మేట్ అననే అన్నాడు: "కొండెక్కేదానికి కాళ్లొస్తాయి గానీ, పెన్ను పట్టేదానికి చెయ్యి రాదా నీకు?"

నవ్వేశాను గానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మోకాళ్ల మెట్టు దగ్గర కూడా ఆగనివాడికి బద్ధకమేమిటి? రాస్తే నాకేమీ రాదని బయటపడుతుందని భయం. రాయనంతకాలం 'టైం దొరకలేదు' అని చెప్పుకోవచ్చు. బాలాజీ కాలనీలో గైడ్ స్కూటర్ కనిపిస్తే చెరకు రసం బండి వెనక నక్కేవాణ్ని. నక్కిన ప్రతిసారీ మరుసటి రోజు డిపార్ట్‌మెంట్ మెట్లెక్కడం ఇంకా కష్టమయ్యేది.

కెనడాలో కార్లటన్ యూనివర్సిటీ వాళ్లు 119 మంది ఫస్టియర్ విద్యార్థులను గమనించి 2010లో ఒక పరిశోధన ప్రచురించారు. మొదటి పరీక్షకు చదవకుండా వాయిదా వేసినందుకు తమను తాము క్షమించుకున్నవాళ్లు రెండో పరీక్షకు తక్కువ వాయిదా వేశారట. నేనేమో రోజూ తిట్టుకుంటే దారికొస్తాననుకున్నాను.

చివరికి నాలుగు పేజీలు, అదీ చెత్తగా రాసి, సాకులేమీ చెప్పకుండా గైడ్ టేబుల్ మీద పెట్టాను. ఆయన ఎర్ర పెన్నుతో రెండు పేజీలు అడ్డంగా కొట్టేసి, "ఈ గ్రాఫ్ బాగుంది, ఇక్కణ్నుంచి మొదలుపెట్టు" అన్నారు. పది నిమిషాలు కూడా పట్టలేదు.

నువ్వూ ఉన్నది ఉన్నట్టు పట్టుకెళ్లు. తిండి, నిద్ర పోయి, బతకాలనిపించకపోతే మాత్రం గైడ్ సంగతి పక్కనపెట్టి మానసిక సాయానికి ప్రభుత్వం నడిపే టెలీ మానస్ 14416కి ఫోన్ చెయ్యి, డబ్బులేం పడవు, తెలుగులోనే మాట్లాడతారు.

అన్నట్టు, సప్లీ ఫీజు గడువు ఎప్పుడో రేపే నోటీసు బోర్డులో చూసుకో. బోర్డు వైపు పోవడానికి మొహం చెల్లక నేనొక పేపర్ అలాగే పోగొట్టుకున్నాను.