టెక్ సందేహాలు: డీవీడీ ఉండగా అదే డాక్యుమెంటరీ బ్లూరే మళ్లీ కొనాలా?

ప్రశ్న: పాత క్లాసిక్ డాక్యుమెంటరీలు డీవీడీల్లో చాలా పోగేశానండీ. ఇప్పుడు వాటికే స్పెషల్ ఎడిషన్ బ్లూరేలు వస్తున్నాయి. అన్నీ మళ్లీ కొనాల్సిందేనా?

అన్నీ వద్దు. డబ్బా మీద 4కే అనుందా లేదా అన్నది తర్వాత, అసలు ఆ సినిమా దేని మీద తీశారో ముందు చూడండి. ‘హూప్ డ్రీమ్స్’ (1994) ఉంది కదా, అది బీటాక్యామ్ వీడియో టేపు మీద తీసింది, ఆ టేపులో ఉన్నదే స్టాండర్డ్ డెఫినిషన్ (అంటే డీవీడీ స్థాయి) బొమ్మ, బ్లూరేలో వేసినంత మాత్రాన లేని డీటెయిల్ ఎక్కణ్నుంచి ఊడిపడుతుంది చెప్పండి. కంప్రెషన్ మచ్చలు (వీడియోని కుదించి డిస్కులో పట్టించినప్పుడు వచ్చేవి) తగ్గుతాయి, అంతే. అదే ‘బరాకా’ (1992) అయితే 65 ఎంఎం నెగటివ్ (బాగా వెడల్పాటి ఫిల్మ్) మీద తీశారు, 2008లో వచ్చిన బ్లూరే కోసం దాన్ని 8కేలో స్కాన్ చేశారు, అది ఒకసారి చూశాక డీవీడీ మళ్లీ ముట్టుకోబుద్ధి కాదు. 16 ఎంఎంలో తీసినవి కూడా బ్లూరేలో కొనొచ్చు, కాకపోతే గ్రెయిన్ (బొమ్మ మీద సన్నటి రవ్వలు) కనిపిస్తుంది, అది డిస్కు తప్పు కాదు, ఫిల్మ్ స్వభావమే అంత. టీవీలో ఆ రవ్వల్ని నునుపు చేసే నాయిస్ రిడక్షన్ సెట్టింగ్ ఆపేయండి, లేదంటే మొహాలు మైనం బొమ్మల్లా అయిపోతాయి.

మూకీల దగ్గర ఇంకో మెలిక ఉంది. ‘మ్యాన్ విత్ ఎ మూవీ కెమెరా’ (1929) ప్రింట్లు చాలావాటిలో తర్వాత సౌండ్ ట్రాక్ పెట్టడానికి చోటు కోసం ఫ్రేము ఎడమ అంచు ఎగిరిపోయింది. ఆమ్‌స్టర్‌డామ్‌లోని ఐ ఫిల్మ్ మ్యూజియం ప్రింటులో మాత్రం ఫ్రేము మొత్తం ఉంది, అందుకని ఆ ప్రింటు నుంచి చేసిన రిస్టోరేషన్ ఉన్న డిస్కే తీసుకోండి. మ్యూజిక్ కూడా డిస్కుని బట్టి మారిపోతుంది, బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ల దాంట్లో మైకేల్ నైమన్ది, ఫ్లికర్ ఆలీ వాళ్ల దాంట్లో అల్లాయ్ ఆర్కెస్ట్రాది. ఇలాంటి వాటికి డబ్బులు పెట్టొచ్చు, ఉత్త స్టీల్ డబ్బాకీ పోస్టుకార్డులకీ మాత్రం నేనైతే పెట్టను.

ప్రశ్న: వేరే దేశం నుంచి తెప్పించిన బ్లూరే పెడితే ప్లేయర్ రీజియన్ ఎర్రర్ చూపిస్తోంది. ల్యాప్‌టాప్‌లో ఆడుతుందా?

బ్లూరేలకి మూడు రీజియన్లు, అంటే డిస్కు ఏ దేశాల ప్లేయర్లలో ఆడాలో చెప్పే లాక్. అమెరికా, జపాన్‌లకి ఎ; యూరప్, ఆస్ట్రేలియాలకి బి; ఇండియా, చైనా, రష్యాలకి సి. చాలా డిస్కులకి లాక్ అసలు ఉండదు, కానీ ఉందో లేదో కొనేముందే చూసుకోవాలి. 4కే డిస్కులకైతే రీజియన్ గొడవే లేదు, కానీ అదే సెట్లో ఎక్స్‌ట్రాలు పెట్టిన మామూలు బ్లూరేకి లాక్ ఉండొచ్చు, డైరెక్టర్ ఇంటర్వ్యూలూ తీసేసిన సీన్లూ తరచూ ఉండేది అందులోనే మరి! ల్యాప్‌టాప్ అంటారా, ముందు దానికి బ్లూరే డ్రైవ్ ఉండాలి, ఉన్నా వీఎల్‌సీ (వీడియోలు ఆడించే ఉచిత సాఫ్ట్‌వేర్) డీవీడీలు ఆడించినంత తేలిగ్గా బ్లూరేలు ఆడించదు, వాటికి కాపీ ప్రొటెక్షన్ వేరే ఉంటుంది. ఇంకోటి, డీవీడీల కోసం డ్రైవ్ రీజియన్ మార్చేస్తూ పోకండి, సాధారణంగా ఐదుసార్లే మార్చనిస్తుంది, ఆ తర్వాత చివరిగా పెట్టిన దాని మీదే బిగుసుకుపోతుంది. మల్టీ రీజియన్ ప్లేయర్ ఒకటి కొనుక్కోవడమే సుఖం.

ప్రశ్న: పాత సినిమా పెడితే స్క్రీన్‌కి రెండు పక్కలా నల్ల పట్టీలు వస్తున్నాయి. డిస్కు పాడైందా?

లేదండీ, అవి 4:3లో (ఇప్పటి వెడల్పు టీవీ కంటే చదరంగా ఉండే ఫ్రేములో) తీసిన సినిమాలు, పట్టీలు ఉంటేనే కరెక్ట్. జూమ్ నొక్కారంటే పైన తలలూ కింద సబ్‌టైటిల్సూ తెగిపోతాయి.