పని చేసిన రోజులకు జీతం అడగడంలో తప్పేముంది?

ప్రశ్న: ఒక ప్రైవేటు ల్యాబ్‌లో నెలకు 24,000 జీతానికి రెండేళ్లు పనిచేశాను. నాన్నగారికి పక్షవాతం రావడంతో 20వ తేదీన ఉన్నపళంగా మానేసి ఊరికి వచ్చేశాను. ఆ 20 రోజుల జీతం 16,000, నెల నోటీసు ఇవ్వనందుకు కట్టాల్సింది 24,000, కాబట్టి నువ్వే 8,000 బాకీ అని యజమాని అంటున్నారు. చెప్పాపెట్టకుండా వచ్చి ఏ మొహం పెట్టుకుని అడుగుతావని మావారు అంటున్నారు.

జవాబు: మీ యజమానీ, మీవారూ కూడా రెండు వేర్వేరు లెక్కలను ఒకటిగా కలిపేస్తున్నారు. నోటీసు ఇవ్వకపోవడం ఒప్పందానికి సంబంధించిన లోపమే, దాన్ని కాదనలేము. కానీ మీరు చేసిన పనికి జీతం అప్పటికే మీదైపోయింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం, తొలగించిన వారికే కాదు, రాజీనామా చేసిన వారికి కూడా రెండు పనిదినాల్లో బకాయి చెల్లించాలి. జీతంలోంచి ఏయే కోతలు పెట్టవచ్చో అందులో ఒక జాబితా ఉంది. పదిమంది లేదా అంతకు మించి ఉద్యోగులు కూడబలుక్కుని, నోటీసు లేకుండా, సరైన కారణం లేకుండా పని మానేస్తే ఎనిమిది రోజుల జీతం వరకు పట్టుకోవచ్చని చట్టం చెబుతోంది గాని, తండ్రి కోసం పరుగెత్తిన ఒక్క కూతురి గురించి ఆ మాట అనలేదు. అపాయింట్‌మెంట్ లెటర్‌లో నోటీసు షరతు ఉంటే దాన్ని చూపి యజమాని కోతకు వాదించవచ్చు. అలా సర్దుబాటు చేసే సంస్థలు చాలానే ఉన్నాయి. అయినా ఒక నెల కోతలన్నీ కలిపి జీతంలో సగానికి మించకూడదు గనుక, ఆ వాదన నెగ్గినా కనీసం 8,000 మీ చేతికి రావాలి. పీఎఫ్ సొమ్ము జోలికైతే ఆయన అసలు వెళ్లలేరు.

మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టినది వేరొకటి: రాజీనామా రాసి ఇచ్చినట్టు ఎక్కడా లేదు. చివరిగా పనిచేసిన తేదీ, కారణం, రావలసిన మొత్తం రాసి, ఆసుపత్రి డిశ్చార్జి కాగితం నకలు జతచేసి ఈరోజే స్పీడ్ పోస్టులో పంపండి. జవాబు రాకపోతే కార్మిక శాఖ కార్యాలయంలో ఫిర్యాదు చేయండి. క్లెయిము వేయడానికి మూడేళ్ల గడువు ఉంది.

మీవారి మాటలో కోపం కంటే, నలుగురిలో మాట పడాల్సి వస్తుందన్న బెరుకే ఎక్కువగా కనిపిస్తోంది. పోస్టు చేసే ముందు ఆ ఉత్తరాన్ని ఆయనతో ఒకసారి చదివించండి. రసీదు మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి.