రికాబులోంచి పాదం బయటికి రావాలి

మీ ప్రశ్న: "పాత ఇంగ్లిష్ కౌబాయ్ సినిమాల్లో పరిగెత్తే గుర్రాల మీంచి మనుషులు పడిపోతుంటారు కదా, అది నిజమా, కెమెరా మాయా? ఆ స్టంట్‌మెన్ జీవితం ఎలా ఉండేది? మా తమ్ముడికి గుర్రపు స్వారీ వచ్చు, ఫైటర్ అవుతానని పట్టుబడుతున్నాడు. పంపమంటారా?"

నిజమేనండీ. నిజంగానే పడేవాళ్ళు. తెలుగు సినిమాల్లో పద్నాలుగేళ్ళు ఫైటర్‌గా పనిచేశాను. గుర్రం షాట్ ఉందంటే కబురు నాకే వచ్చేది. ఆ అనుభవంతోనూ, ఆ పాత అమెరికన్ల పని మళ్ళీ మళ్ళీ చూసి తెలుసుకున్నదాంతోనూ రాస్తున్నాను. కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందు నా సంగతి ఒకటి. 1999లో రాజుల కాలం కథకి ఒక ఎండిన చెరువులో షూటింగ్. బాణం తగిలి నేను గుర్రం మీంచి ఎడమ పక్కకి పడాలి. పడేచోట మన్ను తవ్వి, ఇసుక, రంపపు పొట్టు కలిపి పరిచారు. అక్కడిదాకా అంతా బాగానే ఉంది. కానీ కాస్ట్యూమ్ వాళ్ళు ఇచ్చినవి మడమ లేని మెత్తటి చెప్పులు. పడేటప్పుడు ఎడమ పాదం రికాబులోంచి, అంటే జీనుకి వేలాడే పాదం పెట్టే కమ్మీలోంచి, బయటికి రావాల్సింది పోయి, చీలమండ దాకా లోపలికి దూసుకుపోయింది. గుర్రం బెదిరింది. నా తల నేల మీద, కాలు జీను దగ్గర, వీపు కింద చెరువు మన్ను పరిగెడుతోంది. ఎంత దూరం ఈడ్చిందో నాకు తెలియదు. గుర్రాలవాడు అడ్డం పడి కళ్ళెం పట్టుకున్నాడని తరవాత చెప్పారు. కాలర్ బోన్ విరిగింది, చీలమండ తిరిగిపోయింది. మొదటి రోజు ఆసుపత్రి బిల్లు కట్టారు. ఆ తరవాత ఆ కంపెనీ నుంచి ఎవరూ ఫోన్ చెయ్యలేదు.

నాలుగో రోజు కృష్ణానగర్‌లో మా గదికి ఒక పెద్దాయన బత్తాయిలు పట్టుకుని వచ్చారు. మద్రాసు రోజుల నుంచి గుర్రాల పని చేసిన సీనియర్. మేమంతా బాబాయ్ అని పిలిచేవాళ్ళం. ఎలా ఉందని కూడా అడగలేదు. "రికాబు ఒక పక్క కోయించావా?" అన్నారు. నాకు అర్థం కాలేదు. "కోయించకుండా ఎలా దూకావురా?" అని మంచం పక్కన కూర్చుని, నా కాలి కట్టు మీద చెయ్యి పెట్టి చాలాసేపు మాట్లాడలేదు. తరవాత చెప్పారు, రికాబుకి ఒక పక్క కమ్మీ తీసేస్తే అది ఇంగ్లిష్ ఎల్ అక్షరంలా అవుతుందనీ, పాదం ఎటూ చిక్కుకోదనీ. అమెరికాలో యాకిమా అనే ఆయన ఇవన్నీ కనిపెట్టాడని మా పాత మాస్టారు చెప్పేవారని కూడా అన్నారు. ఆ పేరు వినడం నాకదే మొదటిసారి.

ఆయన పూర్తి పేరు ఈనస్ ఎడ్వర్డ్ కనట్. 1895లో అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలో, కోల్‌ఫాక్స్ దగ్గర పశువుల మందలున్న ఇంట్లో పుట్టారు. పదహారేళ్ళ నుంచే రోడియోల్లో, అంటే లొంగని గుర్రాల మీద పడిపోకుండా కూర్చునే పోటీల్లో దిగారు. 1914లో ఆరెగన్‌లోని పెండిల్టన్ పోటీల్లో ఆయన గుర్రం మీంచి గాల్లోకి లేచిన ఫొటో పేపర్లో పడింది. యాకిమా ఊరివాడనుకుని కింద పొరపాటున ఆ పేరు వేశారు. ఆయనది ఆ ఊరు కాదు. అయినా ఆ పేరే జీవితాంతం నిలిచిపోయింది. అదే పెండిల్టన్‌లో తరవాత ఛాంపియన్ అయ్యారు. అలాంటి పోటీగాళ్ళనే సినిమావాళ్ళు లాస్ ఏంజిలిస్‌కి పిలిచేవారు. మూగ సినిమాల రోజుల్లో కనట్ హీరోగా కూడా చేశారు. కానీ నేవీలో ఉండగా వచ్చిన ఫ్లూ జ్వరానికి గొంతు పాడైంది. మాటల సినిమాలు వచ్చేసరికి ఆ గొంతు పనికిరాలేదు. దాంతో ముఖం కనిపించని పని ఒక్కటే మిగిలింది. మన దగ్గరా చాలామంది ఫైటర్లు హీరో అవుదామని బస్సెక్కినవాళ్ళే. అందుకే ఆయన జీవితంలో ఈ భాగం చదివినప్పుడు నాకు గుండె బరువెక్కింది.

ఇప్పుడు అసలు షాట్ చెబుతాను. జాన్ ఫోర్డ్ తీసిన స్టేజ్‌కోచ్, 1939. చూడకపోతే ఆ ఎడారి ఛేజ్ ఒక్కటైనా వెతికి చూడండి. ఆరు గుర్రాలు కట్టిన కోచ్ బండి పూర్తి వేగంతో పోతుంటుంది. అపాచీ అనే అమెరికా ఆదివాసీ తెగ యోధుడి వేషంలో కనట్ తన గుర్రం మీంచి ముందు జత గుర్రాల మీదికి దూకుతారు. హీరో జాన్ వేన్ కాలుస్తాడు. ఆయన రెండు గుర్రాల మధ్య కిందికి జారి, నొగ పట్టుకుని నేల మీద ఈడ్చుకుపోతారు. ఇంకో గుండు. చేతులు వదిలేస్తారు. గుర్రాలు అటూ ఇటూ దాటిపోతాయి, పైనుంచి బండి మొత్తం వెళ్ళిపోతుంది. బండి పోయాక నేల మీద ఆ మనిషి కదులుతాడు, బొమ్మ కాదని మనకి తెలిసేలా. అప్పటికి ఆయన వయసు నలభై దాటింది.

ఆయన ఆ పని ఎలా చేశారో తరవాత వివరించారు. అది చదివాక చాలా రాత్రులు నిద్రపట్టలేదు నాకు. గుర్రాలు మెల్లగా పోతే ప్రమాదమట. మెల్లగా పోయే గుర్రం అటూ ఇటూ కదులుతుంది, డెక్క ఎక్కడ పడుతుందో తెలియదు. బాగా వేగంగా తోలితే గీత గీసినట్టు తిన్నగా పోతాయి. చేతులు వదిలిన మరుక్షణం వాటిని ఛాతీ మీదికి, పొట్ట మీదికి తెచ్చుకోవాలి. మోచేతులు ఒంటికి అతుక్కుని ఉండాలి, లేకపోతే బండి ముందు ఇరుసు వచ్చి తగులుతుంది. చూసేవాళ్ళకి అక్కడ తెగింపు కనిపిస్తుంది. చేసే మనిషి మాత్రం మోచెయ్యి ఎక్కడుంది, డెక్క ఎక్కడ పడుతుంది అని లెక్క చూసుకుంటుంటాడు. రెండేళ్ళ ముందే ఒక చిన్న సినిమాలో ఇలాంటిదే చేసి, సాధ్యమేనని తేల్చుకున్నారు కూడా. స్టేజ్‌కోచ్‌లోనే జాన్ వేన్ పాత్ర పగ్గాల కోసం బండి మీంచి గుర్రాల మీదికి దూకుతూ ముందుకు వెళ్ళే షాట్ ఉంది. అదీ కనటే. అదే ఏడాది గాన్ విత్ ద విండ్‌లో మంటల మధ్య బండి తోలిన డూప్ కూడా ఆయనే.

ఫైట్ల సంగతి చెప్పకపోతే లోటు. అంతకుముందు సినిమాల్లో భుజం మీదో చేతి మీదో నిజంగానే గుద్దుకునేవారు. 1930లలో చిన్న బడ్జెట్ కౌబాయ్ సినిమాల్లో కనట్, జాన్ వేన్, డైరెక్టర్ రాబర్ట్ బ్రాడ్‌బరీ కలిసి ఒక పద్ధతి కుదుర్చుకున్నారు. పిడికిలి దవడ ముందు నుంచి పోతుంది. కెమెరా పెట్టిన కోణం వల్ల తగిలినట్టు కనిపిస్తుంది. దెబ్బ తిన్నట్టు నటించేవాడు సరైన క్షణంలో తల తిప్పాలి. మన సెట్లో మాస్టర్ "టైమింగ్, టైమింగ్" అని అరిచేది దీని గురించే. నేను నేర్చుకున్న మొదటి పాఠం ఇదే. ఎక్కడ మొదలైందో తెలిశాక, ఎన్నేళ్ళుగా ఎందరి దవడలు కాపాడిందో కదా అనిపించింది.

మీరు అడగలేదు గానీ గుర్రాల గురించి చెప్పకుండా ఉండలేను. ఆ రోజుల్లో రన్నింగ్ డబ్ల్యూ అని ఒక పద్ధతి ఉండేది. గుర్రం ముందు కాళ్ళకి తీగలు కట్టి, జీను కింద రింగులోంచి లాగి, రెండో కొసని భూమిలో పాతిన గుంజకి కట్టేవారు. తీగ అయిపోయేచోట పరిగెత్తే గుర్రం ముందు కాళ్ళు లేచిపోయి బోర్లా పడేది. ఎక్కినవాడికి ఆ చోటు తెలుసు. గుర్రానికి తెలియదు. చాలా గుర్రాల కాళ్ళు, మెడలు విరిగాయి. 1939లోనే వచ్చిన ఇంకో సినిమాకి ఎత్తైన గట్టు మీంచి నీళ్ళలోకి దూకించిన గుర్రం చచ్చిపోయింది. జనం మండిపడ్డారు. దాంతో 1940 నుంచి అమెరికన్ హ్యూమేన్ సంస్థవాళ్ళు సెట్ల మీద జంతువుల బాగోగులు చూడటం మొదలుపెట్టారు. కనట్ కూడా ఆ తీగల పద్ధతి వాడినవారే. తన చేతిలో ఏ గుర్రమూ కుంటిది కాలేదని చెప్పుకున్నారు. ఆయన మీద నాకెంత గౌరవం ఉన్నా ఆ పద్ధతిని సమర్థించలేను. పగ్గం ఒక పక్కకి లాగితే మెత్తటి నేల మీద తనంతట తాను ఒరిగి పడేలా గుర్రానికి నేర్పొచ్చు. నెలలు పడుతుంది. అలా నేర్పడమే సరైన పద్ధతి.

దెబ్బలంటారా, కనట్‌కి చాలా తగిలాయి. 1940లో ఒక సినిమాలో గుర్రం మీద పడి కడుపులో పేగులు దెబ్బతిన్నాయి. 1943లో బండి మీంచి పడి రెండు కాళ్ళూ చీలమండల దగ్గర విరిగాయి. అయినా తొంభై ఏళ్ళు బతికి 1986లో కన్నుమూశారు. అందరికీ అంత అదృష్టం లేదు. ఫ్రెడ్ కెనెడీ అని ఇంకో ఆయన ఉండేవారు, జాన్ ఫోర్డ్ సినిమాల్లో చాలా కాలం పనిచేసిన మనిషి. 1958 చివర్లో ద హార్స్ సోల్జర్స్ అనే సినిమాకి లూసియానాలో గుర్రం మీంచి పడే షాట్ చేశారు. జీవితంలో ఎన్నిసార్లో చేసిన పనే. మెడ విరిగి చనిపోయారు. ఫోర్డ్ ఆ దెబ్బ నుంచి తేరుకోలేక అక్కడి షూటింగ్ ముగించేశారు. కొత్తవాడి కంటే అలవాటైనవాడికే ఒక్కోసారి ప్రమాదం ఎక్కువ. నేను దెబ్బ తిన్నది కూడా మొదటి ఏడాది కాదు, ఆరో ఏడాది.

ఒళ్ళు సహకరించని వయసు వస్తే ఏం చేస్తాడన్నదే ఈ పనిలో అసలు ప్రశ్న. కనట్ ఆ రెండు ప్రమాదాల తరవాత మెల్లగా యాక్షన్ సీన్లు తీసే సెకండ్ యూనిట్ డైరెక్టర్‌గా మారారు. తాను పడటం మాని, ఇతరులు దెబ్బ తగలకుండా పడేలా చూడటం మొదలుపెట్టారు. 1959 బెన్‌హర్‌లో రథాల పందెం ఉంది కదా, రోమ్‌లోని చినెచిట్టా స్టూడియోలో ఆండ్రూ మార్టన్‌తో కలిసి దాన్ని నడిపించింది ఆయనే. హీరో చార్ల్‌టన్ హెస్టన్‌కి రథం తోలడం నేర్పించారు. హీరోకి డూప్‌గా సొంత కొడుకు జో కనట్‌నే పెట్టారు. ఒకచోట విరిగిన రథం మీదుగా ఎగిరినప్పుడు జో రథం ముందు నుంచి తలకిందులై బయటికి పడబోయాడు. గడ్డం మీద చీలికతో బయటపడ్డాడు. ఆ షాట్ సినిమాలో అలాగే ఉంది. హెస్టన్ మళ్ళీ రథంలోకి ఎక్కే ముక్క తరవాత తీసి అతికించారు. ఆ పందెంలో మనిషి చచ్చిపోయాడని ఇప్పటికీ ప్రచారం చేస్తుంటారు, అది అబద్ధం. కెమెరా పక్కన నిలబడి కొడుకు గాల్లోకి లేవడం చూసిన ఆ తండ్రి గురించి ఎన్నోసార్లు ఆలోచించాను. నాకూ కొడుకున్నాడు.

గుర్తింపు ఆలస్యంగానే వచ్చింది. 1967లో ఆస్కార్ వాళ్ళు కనట్‌కి గౌరవ పురస్కారం ఇచ్చారు. స్టంట్‌మన్‌గా సాధించిన వాటికీ, స్టంట్‌మెన్ ప్రాణాలు కాపాడే పరికరాలు తయారుచేసినందుకూ అని అందులో ఉంది. ఆ రెండో మాట చదివినప్పుడు నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఒక పక్క కోసిన రికాబుకి అక్కడ విలువ కట్టారు. ఆ తరవాత 2012లో కౌబాయ్ సినిమాల నుంచే ఎదిగిన హాల్ నీడమ్‌కి ఇచ్చారు, ఒంట్లో యాభైకి పైగా ఎముకలు విరిగిన మనిషి ఆయన. స్టంట్ డిజైన్‌కి ప్రత్యేకంగా ఒక ఆస్కార్ పెడతామని 2025లో ప్రకటించారు. 2027లో విడుదలయ్యే సినిమాల నుంచి ఇస్తారట.

మన దగ్గరా ఆ సినిమాల ప్రభావం ఎంతో ఉంది. 1971లో కృష్ణ గారి మోసగాళ్ళకు మోసగాడు వచ్చాక ఊరూరా కుర్రాళ్ళు టోపీ పెట్టుకుని తిరిగారు. మా నాన్నగారు కూడా. నాకు గుర్రాల పిచ్చి పట్టింది టూరింగ్ టాకీస్‌లో ఆ సినిమా చూసే.

ఇక మీ తమ్ముడి విషయం. పంపొద్దని చెప్పను. పంపే ముందు కొన్ని అడగండి. యూనియన్ కార్డు వచ్చేదాకా ఎలా బతుకుతాడు? దెబ్బ తగిలిన రోజు సరే, తరవాత ఆరు నెలలు ఇల్లు ఎలా గడుస్తుంది? సొంతంగా ప్రమాద బీమా తీసుకున్నాడా? నలభై ఏళ్ళకి ఏం చెయ్యాలనుకుంటున్నాడు? ఫైట్ మాస్టర్ అవ్వాలంటే ఇప్పటి నుంచే కెమెరా వెనక ఏం జరుగుతుందో చూడాలి. వీటికి జవాబులుంటే రానివ్వండి.

స్వారీ రావడం వేరు, పడటం రావడం వేరు. ముందు గుర్రం లేకుండా ఇసుకలో నిలబడి, రెండు పక్కలకీ పడటం నేర్చుకోమనండి. చాలామందికి ఒక పక్కే వస్తుంది. గుర్రం ఎక్కాక రికాబులో పాదం ముందు భాగం మాత్రమే ఉండాలి, మడమ కిందికి దిగి ఉండాలి. కౌబాయ్ బూటుకి అంత ఎత్తు మడమ పెట్టింది స్టైల్ కోసం కాదు, పాదం లోపలికి దూసుకుపోకుండా. కాస్ట్యూమ్ వాళ్ళు మడమ లేని చెప్పులిస్తే డైరెక్టర్‌తోనైనా సరే మాట్లాడి మార్పించుకోమనండి. టేక్‌కి ముందు గుర్రం దిగి, రెండు రికాబులూ తన చేత్తో లాగి చూసుకోమనండి. ఎవరు తొందరపెట్టినా సరే.