చెక్కర లేని తియ్యటి హెర్బల్ టీ తాగితే బీపీ పెరుగుతుందా?

ప్రశ్న: మాది హన్మకొండ. మా అత్తమ్మకు 61 ఏళ్లు. షుగర్, బీపీ రెండూ ఉన్నాయి. బీపీకి వేసుకునే గోలీల్లో ఒకటి ఒంట్లో నీరు తీసేది. రోజుకు ఐదు సార్లు చెక్కర చాయ్ తాగేవారు. నెల కింద మా ఆడపడుచు అమెరికా నుంచి వస్తూ పండ్ల ముక్కలు, మూలికలు కలిపిన టీ బ్యాగులు తెచ్చింది. కెఫీన్ లేదు, చెక్కర కలపలేదు, సహజంగానే తియ్యగా ఉంటుంది అని డబ్బా మీద ఉంది. అత్తమ్మ చాయ్ మానేసి ఇదే నాలుగైదు కప్పులు తాగుతున్నారు. షుగర్ తగ్గింది కానీ, 130 ఉండే బీపీ ఇప్పుడు 150 దాటుతోంది, రాత్రిళ్లు పిక్కలు పట్టేస్తున్నాయి. ఇది వయసు వల్లనేనా? టీ తాగొచ్చా?

జవాబు: ముందు ఆ డబ్బా తిప్పి, వెనక సన్నటి అక్షరాల్లో ఏమేం కలిపారో చదవండమ్మా. అందులో లికోరిస్ అనే మాట కనిపిస్తే ఆ టీ ఈ రోజే ఆపేయండి. లికోరిస్ అంటే మన అతిమధురం, దగ్గొస్తే బుగ్గన పెట్టుకొమ్మని పెద్దవాళ్లు ఇచ్చే వేరు ముక్క. అందులోని గ్లిసరైజిన్ చెక్కర కన్నా 30 నుంచి 50 రెట్లు తియ్యగా ఉంటుంది కాబట్టి, ఇలాంటి టీల్లో తీపి కోసం దాన్ని తరచుగా కలుపుతారు.

దగ్గుకు ఒకట్రెండు రోజులు చప్పరిస్తే మామూలుగా ఏం కాదు. రోజుకు నాలుగైదు కప్పులు, అదీ నెల రోజులు అంటే వేరే సంగతి. అతిమధురం ఒంట్లోకి ఎక్కువగా పోతే కిడ్నీలు ఉప్పును, నీటిని బయటికి పోనీయవు, దాంతో బీపీ పెరుగుతుంది, పొటాషియం మాత్రం మూత్రంలో పోతుంది. మీ అత్తమ్మ వేసుకునే నీరు తీసే గోలీల్లో చాలా రకాలు కూడా పొటాషియాన్ని బయటికి పంపేవే. రెండూ కలిసి లాగేస్తుంటే కండరాలు పట్టేయడం, నీరసం, కాళ్లు బలం లేనట్టు అనిపించడం, కొందరికి గుండె కొట్టుకోవడంలో తేడా రావడం కూడా జరుగుతుంది. మీరు రాసింది చదవగానే నాకు మొదట వచ్చిన అనుమానం ఇదే, వయసు కాదు. ఆరోగ్యవంతులు కూడా గ్లిసరైజిన్ రోజుకు 100 మిల్లీగ్రాములు దాటకపోవడం మంచిదని యూరప్ నిపుణుల కమిటీ 2003లో చెప్పింది, కానీ ఒక్కో బ్యాగులో ఎంత ఉందో చాలా డబ్బాల మీద రాయరు.

రేపు పొద్దున్నే సీరం పొటాషియం (రక్తంలో పొటాషియం ఎంత ఉందో), క్రియాటినిన్ (కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో) పరీక్షలు చేయించి, ఆ రిపోర్టు, టీ డబ్బా రెండూ తీసుకొని మీ డాక్టర్ దగ్గరికి వెళ్లండి. బీపీ గోలీ మీ అంతట మీరు ఆపొద్దు, పెంచొద్దు. పొటాషియం సిరప్ కూడా మెడికల్ షాపులో అడిగి తెచ్చి తాగించకండి, షుగర్ ఉన్నవాళ్లకు కిడ్నీ ఎలా పనిచేస్తోందో తెలియకుండా అది ఇవ్వడం ప్రమాదం. గుండె దడ, కళ్లు తిరగడం, కాళ్లు చేతులు లేవకపోవడం ఉంటే రిపోర్టు కోసం ఆగకుండా వెంటనే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి క్యాజువాలిటీకి గానీ, దగ్గర్లో ఉన్న పెద్ద ఆసుపత్రికి గానీ తీసుకెళ్లండి. టీ ఆపాక కూడా దాని ప్రభావం పోవడానికి ఒకటి రెండు వారాలు పట్టొచ్చు, అందుకని బీపీ మరుసటి రోజే దిగలేదని టెన్షన్ పడకండి.

షుగర్ తగ్గిందన్నారు కదా, అది ఆ టీ మహిమ అనుకోకండి. కప్పుకు రెండు చెంచాల లెక్కన ఐదు చాయ్‌లకు పది చెంచాలు, అంటే 40 గ్రాములకు పైనే చెక్కర రోజూ లోపలికి పోయేది. అది ఆగింది, అంతే. చాయ్ మానడం చాలా మంచి పని, దాన్ని మాత్రం వదలొద్దు. నిద్రకూ అది మేలు చేస్తుంది, ఎందుకంటే ఒక కప్పు చాయ్‌లో సుమారు 30 నుంచి 50 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది, అందులో సగం పోవడానికే దాదాపు ఐదు గంటలు పడుతుంది, రాత్రి తొమ్మిదింటికి తాగితే రెండింటి దాకా సగం ఒంట్లోనే ఉంటుంది.

డబ్బా మీద హైబిస్కస్ అని ఉంటే భయం లేదు. అది పూజకు కోసే మందార కాదు, మన ఎర్ర పుంటికూర జాతి మొక్క కాయ చుట్టూ ఉండే ఎర్రటి రేకులు. రంగు, పులుపు దానివే. బీపీని కొద్దిగా తగ్గించే గుణం కూడా ఉంది, కాకపోతే గ్యాస్, ఛాతీలో మంట ఉన్నవాళ్లకు ఆ పులుపు పడకపోవచ్చు. ఎండిన ఆపిల్ ముక్కలు, రోజ్‌హిప్ (అడవి గులాబీ కాయ) వల్ల కప్పుకు వచ్చే చక్కెర చాలా తక్కువ.

అత్తమ్మకు తియ్యగా, వేడివేడిగా ఏదో ఒకటి కావాలి కదా. ఒక చెంచా సోంపు, రెండు ఆపిల్ ముక్కలు, చిటికెడు అల్లం తురుము నీళ్లలో ఐదు నిమిషాలు మరగబెట్టి వడకట్టి ఇవ్వండి, సోంపులోనే తీపి ఉంటుంది కాబట్టి బెల్లం, తేనె కలపక్కర్లేదు. రోజుకు ఒకటి రెండు కప్పులు చాలు. డబ్బాలో అతిమధురం లేకపోయినా పిక్కలు పట్టేస్తున్నాయి కాబట్టి రక్త పరీక్ష మాత్రం రేపే చేయించండి.