ఆన్‌లైన్ డిగ్రీకి ఉద్యోగం ఇస్తారా? నాకు జరిగింది చెప్తాను

రాజోలులో ఎరువుల షాపులో పనిచేస్తూ ఆన్‌లైన్‌లో బీకాం చేద్దామనుకుంటున్నానని, "దానికి ఎవరూ ఉద్యోగం ఇవ్వరు" అని మామయ్య అంటున్నారని రాశావు కదా తమ్ముడూ. ఇస్తారు. నాకిచ్చారు. అయితే మీ మామయ్య భయం పూర్తిగా తప్పు కాదు.

నాది పాలకొల్లు. ఇంటర్ అవగానే నాన్నగారికి ఒంట్లో బాగోక రైస్ మిల్లులో లెక్కలు రాయడానికి చేరాను. ధాన్యం బస్తాలు, తవుడు, నూక, లారీ కిరాయిలు, అన్నీ ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో నేనే ఎక్కించేదాన్ని. 2021లో ఆన్‌లైన్ బీకాంలో చేరి 2024లో పూర్తిచేశాను. మొదటి ఇంటర్వ్యూ హైదరాబాద్‌లో. బయోడేటాలో యూనివర్సిటీ పేరు రాశాను గానీ 'ఆన్‌లైన్' అని రాయలేదు, రాస్తే పిలవరని ఎవరో చెబితే నమ్మాను. ఇంటర్వ్యూ చేసినాయన తేదీలు చూసి, "ఈ మూడేళ్లూ పాలకొల్లు మిల్లులో ఉన్నానంటున్నారు, మరి అంత దూరంలో కాలేజీకి ఎప్పుడు వెళ్లారండీ?" అని అడిగారు. అప్పుడు నిజం చెప్పాను, కానీ దాచానన్న అనుమానం ఆయనకి పోలేదు. తిరుగు రైల్లో ఏడుస్తూనే వచ్చాను.

తర్వాత భీమవరం దగ్గర రొయ్యల ఎక్స్‌పోర్ట్ కంపెనీకి వెళ్లినప్పుడు, ఉద్యోగం చేస్తూ ఆన్‌లైన్‌లో చదివానని బయోడేటాలో పైనే రాశాను. మేనేజర్‌గారు పరీక్షలు ఎలా పెట్టారని ఒక్కమాట అడిగి, నన్ను సిస్టమ్ ముందు కూర్చోబెట్టి, ఒక నెల కొనుగోలు బిల్లులిచ్చి జీఎస్‌టీఆర్-2బితో, అంటే సప్లయర్లు అప్‌లోడ్ చేసిన బిల్లుల్ని బట్టి జీఎస్‌టీ పోర్టల్‌లో వచ్చే పట్టికతో, సరిచూడమన్నారు. ఏ సప్లయర్ బిల్లు అప్‌లోడ్ చేయలేదో, ఎక్కడ ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన జీఎస్‌టీని మనం కట్టాల్సిన పన్నులో తగ్గించుకోవడం) ఆగిందో గంటలోపే చూపించాను. మిల్లులో ప్రతి నెలా చేసిన పనే అది. ఇప్పుడు మా సెక్షన్‌కి మనుషుల్ని తీసుకునేటప్పుడు నేనూ పక్కన కూర్చుంటున్నాను, రెగ్యులర్‌లో చదివి, సరుకు లారీలో పంపేటప్పుడు తీసే ఈ-వే బిల్లు ఎప్పుడూ చూడని పిల్లలు చాలామంది వస్తున్నారు.

రూల్ మన వైపే ఉంది. యూనివర్సిటీలని పర్యవేక్షించే కేంద్ర సంస్థ యూజీసీ 2020 నిబంధనల ప్రకారం, గుర్తింపు ఉన్న ఆన్‌లైన్ డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానం, 2022 సెప్టెంబరులో ఇదే మాట మళ్లీ ప్రకటించారు కూడా. అయినా కొన్ని ప్రైవేటు కంపెనీలు 'రెగ్యులర్ మాత్రమే' అని పెడతాయి, అలాంటిచోట వాదించి లాభం లేదు, వదిలేయడమే. ఇంకో నష్టం, ఇదే పెద్దది అనిపిస్తుంది నాకు: క్యాంపస్ డ్రైవ్‌లు మనదాకా రావు. భీమవరంలోనో కాకినాడలోనో కాలేజీకి వెళ్లేవాళ్లకి కంపెనీ గుమ్మంలోకి వస్తుంది, మనం మాత్రం ఒక్కో గుమ్మం ఎక్కాలి. అందుకే అనుభవం లేకుండా ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్ డిగ్రీ ఒక్కటే చేస్తానంటే మాత్రం నేను వద్దంటాను.

చేరేముందు యూజీసీలో దూరవిద్య, ఆన్‌లైన్ కోర్సులు చూసే విభాగమైన డెబ్ వెబ్‌సైట్‌లో యూనివర్సిటీ పేరొక్కటే కాదు, నువ్వు చేరే కోర్సు, ఆ సంవత్సరం అడ్మిషన్లకి అనుమతి, రెండూ ఉన్నాయో లేదో నువ్వే చూసుకో, ఏజెంటు మాట మీద డబ్బు కట్టొద్దు. ఇప్పుడు చేరడానికి డెబ్ ఐడీ, అంటే ఆ విభాగం వెబ్‌సైట్‌లో విద్యార్థి తీసుకునే నంబరు, కూడా కావాలి. ఏడాదిలో డిగ్రీ చేతికిస్తాం, పరీక్ష రాయక్కర్లేదు అనేవాళ్ల దగ్గర ఒక్క నిమిషం కూడా కూర్చోకు. ఇంజినీరింగ్, నర్సింగ్, లా లాంటివి ఆన్‌లైన్‌లో చేయడానికి అసలు అనుమతే లేదు.

ఇంకొకటి, ఇది నాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. మన వైపు షాపుల్లో, మిల్లుల్లో జీతం చేతికే ఇస్తారు కదా. నాకు ఉద్యోగం ఖాయమయ్యాక వెరిఫికేషన్‌లో బ్యాంకు స్టేట్‌మెంట్ అడిగారు, మొదటి రెండేళ్ల జీతానికి నా దగ్గర ఏ కాగితమూ లేదు, అందుకని ఆ రెండేళ్లు లెక్కలోకి రాలేదు. జీతం కూడా ఆ మేరకు తక్కువే వేశారు. నువ్వు ఈ నెల నుంచే మీ షాపు ఓనర్‌గారిని అడిగి జీతం అకౌంట్‌లో వేయించుకో.