‘ఫుల్ ఇన్సూరెన్స్’ ఉన్న ట్రాక్టరుకు సగం బిల్లే ఎందుకు వచ్చింది?

ప్రశ్న: రూ.8 లక్షల ట్రాక్టరును ఫైనాన్స్ మీద కొని మూడున్నరేళ్లయింది. ఆరు నెలలకోసారి రూ.70,000 వాయిదా కడుతున్నాను. ఏటా ఫుల్ ఇన్సూరెన్స్ చేయిస్తున్నాను. రెండు నెలల క్రితం పొలం నుంచి వస్తుండగా గట్టు విరిగి బండి కాలువలోకి ఒరిగిపోయింది. ఇంజను స్టార్ట్ చేయకుండా క్రేనుతో పైకి తీయించి షెడ్డుకు చేర్చాను. పనులు ఆగిపోతాయన్న తొందరలో కంపెనీకి మూడు రోజులు ఆలస్యంగా చెప్పాను, ఈలోగా మెకానిక్ గేర్‌బాక్స్ విప్పేశాడు. బిల్లు రూ.2,10,000 అయింది. క్లెయిమ్ డబ్బు మొత్తం వస్తుందన్న ధీమాతో అంత సొమ్మూ నూటికి 3 రూపాయల వడ్డీకి తెచ్చి కట్టేశాను. కంపెనీ ఇప్పుడు రూ.1,06,000 మాత్రమే ఇస్తామంటోంది. కేసు వేయమంటారా? మిగతా డబ్బుకు మరొకచోట అప్పు తెచ్చి ఈ అప్పు తీర్చమంటారా?

జవాబు: రెండో ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను: వద్దు. క్లెయిమ్ ఎంత మంజూరవుతుందో తెలియకముందే, అది పూర్తిగా వచ్చినట్లే లెక్క వేసుకొని ప్రామిసరీ నోటు మీద అప్పు తేవడం నేను చాలా ఉత్తరాల్లో చూస్తున్న పొరపాటు కాబట్టి మీ ఉత్తరానికి వివరంగా రాస్తున్నాను. రూ.2,10,000కు నూటికి 3 రూపాయల చొప్పున నెలకు రూ.6,300 వడ్డీ అవుతుంది. ఏడాది గడిస్తే అది రూ.75,600, అంటే మీ ట్రాక్టరు వాయిదా ఒకదానికన్నా ఎక్కువ. బీమా కంపెనీ ఈ వడ్డీలో ఒక్క రూపాయి కూడా ఇవ్వదు. బండి షెడ్డులో ఉన్నన్నాళ్లు మీరు కిరాయికి పెట్టుకున్న దున్నకం ఖర్చుకూ పాలసీలో చోటు లేదు. ప్రమాదం వల్ల తరువాత కలిగే నష్టాలన్నిటినీ పాలసీ పక్కన పెడుతుంది.

మంజూరైన మొత్తం చూసి మీరు మోసం జరిగిందనుకుంటున్నారు. మీరు పంపిన సర్వే నివేదికను, అంటే బీమా కంపెనీ తరఫున సర్వేయర్ వేసిన నష్టం అంచనాను, బిల్లు పక్కన పెట్టి చూశాను. బిల్లులో ఇనుప భాగాలు రూ.1,20,000. అందులో రూ.20,000 విలువైన గేర్లు ప్రమాదంలో విరగలేదని, పాత అరుగుదల అని సర్వేయర్ తీసేశారు. మిగిలిన లక్షకు బండి వయసును బట్టి తరుగుదల పడింది. మూడేళ్లు దాటి నాలుగేళ్లలోపున్న వాహనం లోహ భాగాలకు అది 25 శాతం కాబట్టి రూ.75,000 మిగిలింది. బ్యాటరీ, రబ్బరు గొట్టాలు, ప్లాస్టిక్ సామాను రూ.14,000. వీటికి బండి వయసుతో పని లేకుండా సగమే ఇస్తారు కాబట్టి రూ.7,000. క్రేను, కూలి కలిపి రూ.30,000 పూర్తిగా ఇచ్చారు. మొత్తం రూ.1,12,000 అయింది. పాలసీలో మీ వాటాగా రాసివున్న రూ.2,000, పాత సామాను తుక్కు విలువ రూ.4,000 తీసివేస్తే రూ.1,06,000.

మిగిలిన రూ.46,000 టైరు, ట్యూబులు, మడ్‌గార్డు, హెడ్‌లైట్లు, బానెట్ పక్క రేకులు, రంగు పనికి సంబంధించినవి. బండి పక్కకు ఒరిగితే ముందుగా దెబ్బతినేవి ఇవే. అయినా వీటికి సున్నా వేశారు, ఎందుకంటే ఐఎంటీ 23 అనే అదనపు కవర్ మీ పాలసీలో లేదు. వాణిజ్య వాహనాలు, ట్రాక్టర్ల పాలసీల్లో ఈ కవర్ తీసుకోకపోతే, బండి మొత్తం నష్టమైనప్పుడు తప్ప ఈ భాగాలకు పరిహారం రాదు. ఏటా కొద్దిపాటి అదనపు ప్రీమియంతో పోయేదానిని, ‘ఫుల్ ఇన్సూరెన్స్’ అన్న మాటను నమ్మి మీరు అడగలేదు, అమ్మినవారు చెప్పలేదు. ఈ మాట మీద నాకు చాలాకాలంగా కోపముంది. ఆ పేరుతో అమ్మే ఏ పాలసీ కూడా బిల్లు మొత్తాన్ని చెల్లిస్తానని ఎక్కడా రాసివ్వదు.

మీ ఐడీవీ, అంటే పాలసీలో బండికి రాసిన విలువ, రూ.4,80,000 ఉండగా ఇంత తక్కువ ఎలా ఇస్తారని కూడా అడిగారు. మరమ్మతుతో బాగయ్యే నష్టానికి ఐడీవీతో నిమిత్తం లేదు. బండిని బయటకు తీసి బాగుచేయడానికయ్యే ఖర్చు ఐడీవీలో 75 శాతాన్ని, అంటే మీ విషయంలో రూ.3,60,000ను దాటినప్పుడే పూర్తి నష్టం కింద లెక్కగట్టి ఆ విలువ ఇస్తారు. అప్పుడు కూడా ఆర్సీలో ఫైనాన్స్ కంపెనీ పేరు ఉన్నందున బాకీ మేరకు డబ్బు ముందు వారికే వెళ్తుంది, మిగిలితేనే మీకు.

కేసు విషయానికి వస్తే, మీరు పోరాడదగినది గేర్ల రూ.20,000 ఒక్కటే, అది కూడా తరుగుదల పోగా రూ.15,000. కంపెనీ మీ క్లెయిమును ఆలస్యం పేరుతో తిరస్కరించలేదని గమనించండి. న్యాయమైన క్లెయిములను కేవలం ఆలస్యం కారణంగా తోసిపుచ్చవద్దని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏ 2011లోనే కంపెనీలకు చెప్పింది. పోలీసులకు వెంటనే ఫిర్యాదు చేసి, కంపెనీకి మాత్రం 52 రోజులు ఆలస్యంగా తెలిపిన ఒక ట్రాక్టరు దొంగతనం కేసులో 2020 జనవరిలో సుప్రీంకోర్టు యజమాని పక్షానే తీర్పు ఇచ్చింది. మీకు నష్టం చేసింది మూడు రోజుల ఆలస్యం కన్నా ఆ మూడు రోజుల్లో విప్పిన గేర్‌బాక్స్. సర్వేయర్ వచ్చేసరికి పళ్లు ఊడిన గేర్లు నూనె మరకల గోనెసంచిలో ఉన్నాయని మీరే రాశారు. పగిలిన హౌసింగ్ లోపల, ఉన్న స్థానంలోనే వాటిని చూసివుంటే విరుపు కొత్తదో పాతదో ఆయన చెప్పగలిగేవారు. సంచిలో చూస్తే అరుగుదల అనడం సులువు. ఆ సంచి ఇంకా షెడ్డులోనే ఉంటే తుక్కుకు వేయనివ్వకండి. ప్రమాదం నాటి ఫోటోలు, మెకానిక్ రాతపూర్వక వివరణ జతచేసి, ఆ గేర్లను మళ్లీ పరిశీలించమని కంపెనీ ఫిర్యాదుల అధికారికి ఉత్తరం రాయండి. నెలలోగా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా బీమా ఫిర్యాదులను పరిష్కరించే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ వద్దకు వెళ్లవచ్చు, దానికి రుసుము లేదు, న్యాయవాది అక్కర లేదు. ఆ రూ.15,000 కోసం ఇంతకు మించి ఖర్చు పెట్టకండి.

ఒక పని మాత్రం మీరు ఎంతో జాగ్రత్తగా చేశారు. కాలువలో పడిన బండికి అక్కడే సెల్ఫ్ కొట్టివుంటే సిలిండర్లలోకి చేరిన నీటితో కనెక్టింగ్ రాడ్ వంగిపోయేది. ఆ నష్టాన్ని కంపెనీలు ప్రమాదం కింద కాక యజమాని తప్పిదంగా చూస్తాయి, ఇంజను ఖర్చంతా మీ మీదే పడేది.

ఇక అప్పు. క్లెయిమ్ డబ్బు రూ.1,06,000 ఖాతాలో పడిన రోజే అసలుకు కట్టి, నోటు వెనుక చెల్లు రాయించుకోండి. దాంతో నెల వడ్డీ రూ.3,120కి దిగుతుంది. మిగిలిన రూ.1,04,000 కోసం ఇంకో వడ్డీ వ్యాపారి గడప తొక్కవద్దు. మీకు కిసాన్ క్రెడిట్ కార్డు ఉంటే దాని పరిమితిని లెక్కగట్టేటప్పుడే పంట ఖర్చుకు అదనంగా 20 శాతాన్ని వ్యవసాయ ఆస్తుల మరమ్మతులు, నిర్వహణ కోసం చేరుస్తారు. ఆ అవకాశం మిగిలివుందేమో బ్యాంకులో అడగండి. లేదంటే బ్యాంకులో బంగారంపై రుణం. ఏది తీసుకున్నా ఈ పంట డబ్బుతోనే తీరిపోవాలి.

మీ అసలు లోటు పాలసీలో లేదు, చేతిలో నిల్వ లేకపోవడంలో ఉంది. బీమా ఎంత బాగున్నా మూడు సంగతులు మారవు: డబ్బు ఆలస్యంగా వస్తుంది, తరుగుదల పోగా వస్తుంది, షెడ్డువారు మాత్రం బండి ఇచ్చేముందే బిల్లు కట్టమంటారు. పైగా బండికి వయసు పెరిగేకొద్దీ మీ వాటా పెరుగుతుంది. ఇదే ప్రమాదం ఏడాది తరువాత జరిగివుంటే లోహ భాగాలకు తరుగుదల 25కు బదులు 35 శాతం, ఐదేళ్లు దాటితే 40 శాతం. అందుకే ట్రాక్టరు ఉన్న ప్రతి ఇంటికీ నేను ఒక కొలత చెబుతాను: ఐడీవీలో పావు వంతు, దానికి ఒక వాయిదా. మీకు అది రూ.1,20,000కు రూ.70,000 కలిపి రూ.1,90,000. ఈ డబ్బు పిల్లల ఫీజులకు, పెట్టుబడికి, పెళ్లి చదివింపులకు వాడే ఖాతాలో ఉండకూడదు. వేరే పొదుపు ఖాతాలో గానీ, ఎప్పుడైనా తీసుకోగలిగే చిన్న చిన్న ఫిక్స్‌డ్ డిపాజిట్లుగా గానీ ఉంచండి. ఒకేసారి కూడబెట్టలేరని నాకు తెలుసు. అప్పు తీరాక, పంట అమ్మిన ప్రతిసారీ బాకీలు పంచే ముందే రూ.30,000 చొప్పున పక్కన పెడితే ఏడు విడతల్లో పూర్తవుతుంది. మ్యూచువల్ ఫండ్లలో సిప్ (విడతలవారీ పెట్టుబడి) మొదలుపెట్టాలని ఉత్తరం చివర రాశారు, ఈ నిల్వ పూర్తయ్యేవరకు దానిని వాయిదా వేయండి.

పాలసీ రెన్యువల్ వచ్చే నెలలోనే ఉంది కాబట్టి ఈసారి ఐఎంటీ 23 చేర్చమని అడగండి. ట్రాలీకి వేరుగా రిజిస్ట్రేషన్ ఉంటుంది, దాని వివరాలు, విలువ పాలసీలో రాయించకపోతే ట్రాక్టరు బీమా దానికి వర్తించదు. మీ బండి వ్యవసాయ పనులకే అని పాలసీలో ఉంది, ఇసుక, ఇటుక కిరాయిలకు పంపే ఉద్దేశం ఉంటే ఆ సంగతి ముందే చెప్పి దానికి తగిన పాలసీ తీసుకోండి. నడిపే అబ్బాయి లైసెన్సు గడువు తేదీని కూడా అదే రోజు చూడండి. ప్రమాదం జరిగిన రోజున అది చెల్లుబాటులో ఉండబట్టే ఇప్పుడు మీరు రూ.1,06,000 చాలదని అడగగలుగుతున్నారు.